పదిహేనేళ్ల లీజు ఉన్న మడిగె కొంటున్నారా? ముందు ఆ లీజు నిజంగా ఎన్నేళ్లదో చూడండి

హనుమకొండలో ప్లాటు కోసం తిరిగేవాళ్లకు ఈ మధ్య బ్రోకర్లు ఇంకో మాట చెప్తున్నారు. "ఖాళీ జాగ ఎందుకు సార్, రెడీగా కిరాయి వచ్చే మడిగె ఉంది. పెద్ద పిజ్జా కంపెనీ ఉన్నది అండ్ల. పదిహేనేళ్ల లీజు. మూడేళ్లకోసారి పదిహేను శాతం పెరుగుతది. మీరు చేసేదేం లేదు, నెల మొదట్ల పైసలు అకౌంట్ల పడతయి."

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మన పిల్లలకు కూడా అక్కడి ఏజెంట్లు దాదాపు ఇదే చెప్తారు. అక్కడ దాన్ని నెట్ లీజు ప్రాపర్టీ అంటారు, ఇక్కడ ప్రీ లీజ్డ్ ప్రాపర్టీ అంటున్నారు. కొడుకు డాలస్ నుంచి, తండ్రి హనుమకొండ సుబేదారి నుంచి ఫోన్లో మాట్లాడుకుంటూ రెండూ ఒకటే అనుకుంటారు. కానీ ఈ రెండింటిలో ఓనర్‌కు ఉండే రక్షణ చాలా తేడా. రిటైర్మెంట్ డబ్బు, ఊళ్లో పొలం అమ్మిన డబ్బు, పిల్లలు పంపిన డబ్బు కలిపి ఇలాంటి వాటిలో పెడుతున్నారు కాబట్టి ఆ తేడాను ఓపికగా విప్పి చూడాలి.

ముందు అమెరికా సంగతి. మామూలుగా బిల్డింగ్ కిరాయికి ఇస్తే ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్, రిపేర్లు ఓనర్ మీదే ఉంటాయి. నెట్ లీజులో ఇవి కిరాయిదారు మీదికి పోతాయి. మూడూ కిరాయిదారే భరిస్తే ట్రిపుల్ నెట్. పైకప్పు, గోడలతో సహా బిల్డింగ్ బాధ్యత అంతా ఆయనదే అయితే అబ్సల్యూట్ నెట్. రెస్టారెంట్లకు ఇలాంటి లీజులు 15, 20 ఏళ్లకు రాసుకోవడం అక్కడ మామూలే. ఆ కాలమంతా కిరాయి కడతానని కంపెనీ కట్టుబడుతుంది. మధ్యలో దుకాణం మూసేసినా కిరాయి ఆగదు.

ఈ పద్ధతి అక్కడ కొత్తదేం కాదు. రియల్టీ ఇన్‌కమ్ అనే కంపెనీ 1969లో కాలిఫోర్నియాలో ఒక టాకో బెల్ రెస్టారెంట్ ఆస్తితో మొదలైంది. ఇవాళ దాని చేతిలో వేల ఆస్తులున్నాయి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో లిస్టయి, నెల నెలా డివిడెండ్ ఇస్తుంది. రెస్టారెంట్ కంపెనీలకు కూడా ఇది లాభమే. డబ్బును భూమిలో ఇరికించకుండా కొత్త కిచెన్లు తెరవడానికి వాడుకుంటాయి.

అలాగని అక్కడ ప్రమాదం లేదనుకోవద్దు. రెడ్ లాబ్‌స్టర్ అనే సీఫుడ్ చైన్‌ను 2014లో గోల్డెన్ గేట్ క్యాపిటల్ 210 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ కొనుగోలులో భాగంగానే రెస్టారెంట్ల స్థలాలను, బిల్డింగులను 150 కోట్ల డాలర్లకు ఒక రియల్ ఎస్టేట్ కంపెనీకి అమ్మి, వాటినే మళ్లీ కిరాయికి తీసుకున్నారు. నిన్నటిదాకా సొంత స్థలంలో నడిచిన హోటల్‌కు కిరాయి మొదలైంది. 2024 మేలో ఆ చైన్ దివాలా పిటిషన్ వేసింది, పదుల సంఖ్యలో రెస్టారెంట్లు మూతపడ్డాయి. కారణాల్లో కిరాయి భారం ఒకటి, నిర్వహణ లోపాలు ఇంకొకటి. అమెరికా దివాలా చట్టం ప్రకారం కంపెనీ తనకు వద్దనుకున్న లీజులను కోర్టు అనుమతితో వదిలించుకోవచ్చు. ఇరవై ఏళ్ల సంతకం కూడా అక్కడితో ఆగిపోతుంది.

లాకిన్ పేజీ

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చైన్ రెస్టారెంట్లు ఇక్కడ రాసుకునే లీజుల్లో సాధారణంగా రెండు కాలాలు ఉంటాయి. మొదటిది లీజు కాలం: 9, 12, 15 ఏళ్లు. రెండోది లాకిన్, అంటే కిరాయిదారు మధ్యలో వదిలి వెళ్లకూడని కాలం: ఎక్కువగా ఏడాది నుంచి మూడేళ్లు. లాకిన్ దాటాక కిరాయిదారు మూడు నెలలో ఆరు నెలలో నోటీసు ఇచ్చి వెళ్లిపోవచ్చు. ఓనర్ మాత్రం, కిరాయి సరిగా కడుతున్నంత కాలం, పదిహేనేళ్లూ ఖాళీ చేయించలేడు.

అంటే ఆ పదిహేనేళ్లు కట్టుబడి ఉండేది మీరు, కంపెనీ కాదు. వ్యాపారం బాగా నడిస్తే మార్కెట్ కంటే తక్కువ కిరాయికే ఉండిపోతారు, నడవకపోతే నోటీసు ఇస్తారు. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు, ఒప్పందం రాసిన తీరే అది. బ్రోకర్ చెప్పే పదిహేనేళ్లు అబద్ధం కాకపోయినా, మీ డబ్బుకు రక్షణ ఇచ్చేది ఆ అంకె కాదు. లాకిన్‌లో ఇంకా మిగిలిన నెలలే మీకు గ్యారంటీ. అమ్మకానికి వచ్చే మడిగెల్లో లాకిన్ చాలావరకు అయిపోయినవి కూడా ఉంటాయి. ఓనర్ ఇప్పుడే ఎందుకు అమ్ముతున్నాడన్న ప్రశ్నకు కొన్నిసార్లు అదే జవాబు.

లాకిన్ ఉన్నా, లీజు రిజిస్టర్ కాకపోతే దాని బలం చాలా తక్కువ. ఆస్తి బదిలీ చట్టం 1882లోని 107వ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టం 1908లోని 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయాల్సిందే. చేయకపోతే అందులోని షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపించడం కష్టం. చివరికి అది నెలవారీ కిరాయి కిందికి వచ్చి, పదిహేను రోజుల నోటీసుతో ముగిసిపోయే పరిస్థితి రావచ్చు. మనూళ్లో స్టాంపు డ్యూటీ మిగులుతుందని నోటరీ కాగితం మీద సరిపెట్టుకునే అలవాటు ఉంది. చిన్న దుకాణానికి అది నడవొచ్చు. కోట్లు పెట్టి లీజును చూసి కొనేటప్పుడు నడవదు.

ఇంకో విషయం, చాలామంది మర్చిపోయేది: డిపాజిట్. కిరాయిదారు పాత ఓనర్‌కు ఆరు నెలల అడ్వాన్స్ ఇచ్చి ఉంటాడు. మీరు కొన్నాక ఖాళీ చేసే రోజున వాళ్లు దాన్ని మిమ్మల్నే అడుగుతారు. ఆ మొత్తాన్ని కొనే ధరలోంచి తగ్గించుకోవాలి, లేదా పాత ఓనర్ మీకు బదిలీ చేయాలి. ఆ సంగతి సేల్ డీడ్‌లో రాయాలి. కొన్న వెంటనే కిరాయిదారుకు నోటీసు ఇచ్చి, ఇకనుంచి కిరాయి మీకే కడతామని రాతపూర్వకంగా తీసుకోండి. తెలియక పాత ఓనర్‌కు కట్టిన కిరాయికి చట్టం వాళ్లకు రక్షణ ఇస్తుంది, మీరు ఆ డబ్బు కోసం పాత ఓనర్ వెంట తిరగాల్సి వస్తుంది.

బోర్డు మీద పేరు, కాగితం మీద పేరు

బోర్డు మీద కనిపించే బ్రాండ్ మీ కిరాయిదారు కాదు. మన దేశంలో డామినోస్‌ను నడిపేది జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్. దక్షిణ, పశ్చిమ రాష్ట్రాల్లో మెక్‌డొనాల్డ్స్ వెస్ట్‌లైఫ్ ఫుడ్‌వరల్డ్ చేతిలో ఉంది. బర్గర్ కింగ్ రెస్టారెంట్ బ్రాండ్స్ ఏషియాది. కేఎఫ్‌సీ, పిజ్జా హట్‌లను దేవయాని ఇంటర్నేషనల్, సఫైర్ ఫుడ్స్ నడుపుతూ వచ్చాయి. ఇవన్నీ స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలు కాబట్టి మూడు నెలలకోసారి లెక్కలు బయటపెడతాయి. పాత స్టోర్లలో అమ్మకాలు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా, ఎన్ని మూసేశారు అనేది ఇంట్లో కూర్చుని చదవొచ్చు. కోట్ల ఆస్తి కొనేవాళ్లు ఆ రిపోర్టుకు ఒక సాయంత్రం కేటాయించాలి.

బ్రాండుకు, నడిపే కంపెనీకి మధ్య గొడవ వస్తే ఏమవుతుందో ఉత్తర భారతంలో చూశాం. అక్కడ మెక్‌డొనాల్డ్స్‌ను కనాట్ ప్లాజా రెస్టారెంట్స్ నడిపేది. భాగస్వాముల మధ్య వివాదం ఏళ్ల తరబడి నడిచింది. 2017 జూన్‌లో లైసెన్సులు రెన్యూవల్ కాక ఢిల్లీలో 43 అవుట్‌లెట్లు మూతపడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో 169 అవుట్‌లెట్ల ఫ్రాంచైజీ ఒప్పందాన్ని మెక్‌డొనాల్డ్స్ రద్దు చేసింది. 2019లో రాజీ కుదిరేదాకా ఆ బిల్డింగుల ఓనర్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో ఊహించుకోవచ్చు. బ్రాండు ప్రపంచంలో ఎక్కడ ఎంత పెద్దదైనా ఆ గొడవలో ఓనర్లకు ఉపయోగపడలేదు.

లిస్టెడ్ కంపెనీల సంగతే ఇలా ఉంటే, బిర్యానీ చైన్లు, టీ చైన్లు, ఫ్రైడ్ చికెన్ పేరుతో వచ్చే చిన్న బ్రాండ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. వాటిలో చాలావరకు లీజు మీద సంతకం పెట్టేది స్థానికంగా ఫ్రాంచైజీ తీసుకున్న వ్యక్తి. హైదరాబాద్‌లో ఉన్న బ్రాండ్ ఓనర్‌కు మీ కిరాయితో సంబంధమే ఉండదు. అలాంటప్పుడు మీరు నమ్మాల్సింది బోర్డును కాదు, ఆ వ్యక్తి ఆర్థిక స్థితిని.

లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు రెండు వేల చదరపు అడుగుల గ్రౌండ్ ఫ్లోర్ మడిగె అనుకుందాం. అడుగుకు 75 రూపాయల చొప్పున నెలకు లక్షన్నర కిరాయి. ధర 3 కోట్లు. ఏడాదికి 18 లక్షలు, అంటే 6 శాతం రాబడి అని బ్రోకర్ చెప్తాడు.

తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. 3 కోట్లకు అది 22 లక్షల 50 వేలు. బ్రోకర్‌కు ఒక శాతం అనుకుంటే 3 లక్షలు. మీ చేతిలోంచి పోయేది 3 కోట్ల 25 లక్షల 50 వేలు. ఇక్కడి లీజుల్లో మున్సిపల్ ట్యాక్స్ ఎక్కువగా ఓనర్‌దే. దానికి లక్ష, ఇన్సూరెన్స్, రిపేర్లకు యాభై వేలు తీస్తే మిగిలేది 16 లక్షల 50 వేలు. రాబడి 5 శాతానికి కాస్త పైన ఆగింది. అమెరికా ట్రిపుల్ నెట్‌లో ఆరు శాతం అంటే దాదాపు ఆరే. ఇక్కడ ఆరు అంటే ఐదు. పదేళ్లలో ఒకసారి ఆరు నెలలు ఖాళీగా ఉంటే అది ఐదు కంటే కిందికి దిగుతుంది.

సగం డబ్బు అప్పు తెస్తే లెక్క ఇంకా బిగుస్తుంది. కోటిన్నరకు 9 శాతం వడ్డీ అనుకున్నా మొదటి ఏడాది 13 లక్షల 50 వేలు దానికే పోతాయి. అసలు కట్టడానికి మూడు లక్షలే మిగులుతాయి. కిరాయి రాబడి శాతం కంటే అప్పు వడ్డీ శాతం ఎక్కువున్నప్పుడు, స్థలం ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కటే ఆ కొనుగోలును నిలబెట్టాలి. ఆ ఆశ తప్పని నేను అనను, వరంగల్‌లో స్థలాలు పెరిగాయి. కానీ అప్పుడు మీరు కొంటున్నది కిరాయి ఆదాయం కాదు, స్థలం.

ట్యాక్స్ గురించి క్లుప్తంగా. కంపెనీ కిరాయిలో 10 శాతం టీడీఎస్ కోసుకుని ఇస్తుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. దుకాణం కిరాయిని కూడా ఇంటి ఆస్తి ఆదాయం కిందే చూపిస్తారు. మున్సిపల్ ట్యాక్స్ తీసేశాక 30 శాతం మినహాయింపు వస్తుంది, అప్పు వడ్డీ కూడా తగ్గించుకోవచ్చు. యాభై లక్షలు దాటిన ఆస్తి కొనేటప్పుడు మీరే ఒక శాతం టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాలి. అమ్మే ఆయన ఎన్నారై అయితే రేటు వేరు, చాలా ఎక్కువ. మీ పిల్లలు ఎన్నారైలై వాళ్ల పేరు మీద కొంటే కిరాయి మీద కోత కూడా 30 శాతం పైనే ఉంటుంది. ఎవరి పేరు మీద కొనాలన్నది సీఏతో మాట్లాడాకే తేల్చుకోండి. ఏడాది కిరాయి 20 లక్షలకు దగ్గరపడితే జీఎస్టీ సంగతి కూడా ఆయన్నే అడగండి.

ఆ జీఎస్టీలోనే కొనేవాళ్లు గమనించని విషయం ఒకటుంది. వ్యాపార స్థలం కిరాయి మీద జీఎస్టీ 18 శాతం. మామూలు వ్యాపారి దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకుంటాడు. రెస్టారెంట్లు 2017 నవంబరు నుంచి 5 శాతం జీఎస్టీలో ఉన్నాయి, వాటికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే మీకు ఇచ్చే లక్షన్నర వాళ్లకు లక్షా 77 వేల ఖర్చు. ఆ స్టోర్ దాన్ని మోయగలదా?

ఇది మీరు స్వయంగా తేల్చుకోవచ్చు. రెస్టారెంట్ వ్యాపారంలో కిరాయి ఖర్చు అమ్మకాల్లో పది, పన్నెండు శాతం దగ్గర ఉంటే ఊపిరాడుతుందని ఒక లెక్క ఉంది. పన్నెండు శాతం తీసుకుంటే లక్షా 77 వేలు మోయడానికి నెలకు 14 లక్షల 75 వేల అమ్మకం కావాలి. రోజుకు సుమారు 49 వేలు. సగటు బిల్లు 400 అనుకుంటే రోజుకు 120 బిల్లుల పైన. మంగళవారం మధ్యాహ్నం, శుక్రవారం రాత్రి, ఆదివారం సాయంత్రం ఎదురుగా నిలబడి లెక్కపెట్టండి. లోపలికి వెళ్లేవాళ్లతో పాటు డెలివరీ బాయ్స్‌ను కూడా లెక్కపెట్టాలి. వారం మధ్యలో టేబుళ్లు ఖాళీగా, బయట బైకులు రెండో మూడో ఉంటే లాకిన్ అయిపోయాక నోటీసు వచ్చే అవకాశం ఎక్కువ. నిట్, కాకతీయ యూనివర్సిటీ విద్యార్థుల మీద ఆధారపడ్డ స్టోర్ అయితే సెలవుల్లో కూడా ఒకసారి చూడాలి.

కొన్ని లీజుల్లో కిరాయి అమ్మకాలతో ముడిపడి ఉంటుంది. కనీస కిరాయి ఇంత, లేదా అమ్మకాల్లో ఇంత శాతం, ఏది ఎక్కువైతే అది. అలాంటి లీజు దొరికితే అమ్మకాల లెక్క ఓనర్‌కే అందుతుంది కాబట్టి పాత రిపోర్టులు అడగొచ్చు. ఫుడ్ యాప్‌ల ద్వారా అమ్మినది ఆ లెక్కలో కలుస్తుందో లేదో ఆ కాగితంలోనే చూడండి.

మూడు కోట్లలో రెండు ధరలు

అదే వరుసలో చీరల షాపుకో డయాగ్నస్టిక్ సెంటర్‌కో అడుగుకు 45 రూపాయలు నడుస్తోందనుకోండి. రేపు పిజ్జా కంపెనీ వెళ్లిపోతే మీకు వచ్చే కిరాయి నెలకు 90 వేలు. ఏడాదికి 10 లక్షల 80 వేలు. అదే ఆరు శాతం లెక్కన ఆ మడిగె విలువ 1 కోటి 80 లక్షలు. మిగిలిన 1 కోటి 20 లక్షలు మీరు పెడుతున్నది లీజు కాగితానికి.

ఆ కాగితం మీకు గ్యారంటీగా ఇచ్చేది ఎంత? లాకిన్ ఇంకా రెండేళ్లు ఉందనుకుందాం. నెలకు అదనంగా 60 వేల చొప్పున 24 నెలలకు 14 లక్షల 40 వేలు. దానికి కోటీ ఇరవై లక్షలు అడుగుతున్నారు. కంపెనీ పదేళ్లు ఉండొచ్చు, ఉంటుందన్న నమ్మకానికి కూడా కొంత ఇవ్వాలి, నిజమే. కానీ ఆ నమ్మకం ధర ఎంతో బ్రోకర్ నిర్ణయించకూడదు. ఇలాంటి బేరంలో నేనైతే కంపెనీ లేనప్పటి ధర దగ్గర మొదలుపెట్టి, లాకిన్‌లో మిగిలిన అదనపు కిరాయిని కలిపి, ఆ పైన వెళ్లే ప్రతి లక్షకు కారణం అడుగుతాను. బేరం తెగకపోతే తెగకపోనివ్వండి.

మొదట్లోనే కిరాయి ఎక్కువ చూపించే పద్ధతి కూడా ఒకటుంది. బిల్డరే లోపలి పనులకు డబ్బు పెట్టి, దాన్ని నెల కిరాయిలో కలిపి వసూలు చేస్తాడు. కిరాయి ఎక్కువ కనిపిస్తే అమ్మే ధర కూడా పెరుగుతుంది. కొన్నేళ్ల తర్వాత ఆ భాగం ఆగిపోతుంది. కిరాయి, ఫర్నిచర్ చార్జీలు, మెయింటెనెన్స్ వేరు వేరుగా రాశారా అని చూడాలి.

అమెరికాలో నెట్ లీజు రెస్టారెంట్ అంటే ఎక్కువగా సొంత స్థలం, సొంత పార్కింగ్ ఉన్న విడి బిల్డింగ్. మన దగ్గర ఐదంతస్తుల కాంప్లెక్సులో కింది మడిగె. దాంతో కాంప్లెక్సు స్థలంలో వచ్చే అవిభాజ్య (విడదీయని) వాటా నలభై గజాలో యాభై గజాలో ఉంటుంది. కిరాయిదారు పోయాక మీకు మిగిలే బలం ఆ గజాలే కాబట్టి సేల్ డీడ్‌లో ఆ అంకె వెతకండి.

స్థలం విషయంలో వరంగల్‌కు నీటి సమస్య ప్రత్యేకం. 2020 ఆగస్టు, 2023 జులై వరదల్లో హంటర్ రోడ్, దాని చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. చెరువులు నిండి, నాలాలు ఇరుకై నీళ్లు రోడ్డెక్కాయి. కిచెన్ పరికరాలు, కోల్డ్ రూము ఒకసారి మునిగితే కంపెనీ రెండోసారి ఆ చోట పెట్టుబడి పెట్టదు. రాష్ట్ర బిల్డింగ్ రూల్స్ ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్ల దూరం వదలాలి. గ్రేటర్ వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చిన పర్మిషన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, కుడా (కాకతీయ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ) మాస్టర్ ప్లాన్‌లో ముందున్న రోడ్డు వెడల్పు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటి పర్మిషన్ మీద కట్టి దుకాణంగా మార్చిన బిల్డింగులో నోటీసు వస్తే లీజు కింద జవాబు చెప్పాల్సింది ఓనర్.

రెస్టారెంట్ ఖాళీ చేసినప్పుడు ఇంకో ఖర్చు ఉంటుంది. పొగ గొట్టం కోసం గోడకు వేసిన రంధ్రం, జిడ్డు పట్టిన డ్రైనేజీ, గ్యాస్ సిలిండర్ల గది, పెద్ద కరెంటు లోడ్. వీటిని ఎవరు తీయాలి, ఎవరు సరిచేయాలి, లోడ్ ఎవరి పేరు మీద ఉంది అనేది లీజులో ఉండాలి. చీరల షాపు వాళ్లకు నూనె వాసన పోయేదాకా ఆ మడిగె పనికిరాదు.

ఇంత పని మాకు కుదరదు, కిరాయి ఆదాయం మాత్రం కావాలి అనేవాళ్లకు వేరే దారులున్నాయి. 2019లో ఎంబసీతో మొదలై మన స్టాక్ మార్కెట్లో రీట్లు ఉన్నాయి, అంటే చాలామంది డబ్బుతో కిరాయి వచ్చే బిల్డింగులు కొని ఆ ఆదాయాన్ని పంచే సంస్థలు. 2023లో వచ్చిన నెక్సస్ సెలెక్ట్ మాల్స్ మీద నడుస్తుంది. కొన్ని వందల రూపాయలకే ఒక యూనిట్ దొరుకుతుంది, వద్దనుకుంటే అమ్ముకోవచ్చు. 2024లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ చిన్న, మధ్యతరహా రీట్లకు కూడా రూల్స్ తెచ్చింది, వాటిలో కనీస పెట్టుబడి పది లక్షలు. వాటిలో నష్టం రాదని కాదు. ఒక్క కిరాయిదారు నోటీసుతో మొత్తం ఆదాయం ఆగిపోయే ప్రమాదం మాత్రం తక్కువ.

మడిగే కావాలనుకుంటే, బయానా ఇచ్చే ముందు లీజు మొత్తం అడగండి. రెండు పేజీల సారాంశం చాలదు, లాకిన్, నోటీసు, డిపాజిట్, ఖాళీ చేసే షరతులు ఉన్న పేజీలు కావాలి. కంపెనీ రహస్యమని అమ్మే ఆయన ఇవ్వకపోతే ఆయన మీద ఆధారపడక్కర్లేదు. రిజిస్టర్ అయిన లీజు ఆ ఆస్తి ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తుంది, డాక్యుమెంట్ నంబర్ కూడా అందులోనే ఉంటుంది. ఆ నంబర్‌తో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి ఫీజు కడితే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. ఈసీలో లీజు కనిపించకపోతే, అది రిజిస్టర్ అయిందన్న మాటకు రుజువు అమ్మే ఆయనే చూపించాలి.